గ్రానైట్ దుమ్ము తిన్న టర్బో: ఒక ఆక్టేవియా వీఆర్‌ఎస్ కేసు

2025 మార్చి మొదటి వారంలో కరీంనగర్ నుంచి ఒక స్కోడా ఆక్టేవియా వీఆర్‌ఎస్ హన్మకొండలోని మా షెడ్డుకు వచ్చింది. 2018 బండి, మీటర్‌లో 71,000 కిలోమీటర్లు. ఓనర్‌కు ఇరవై ఏడేళ్లు ఉంటాయి. కరీంనగర్ అవతల వాళ్ల బాపుకు గ్రానైట్ కటింగ్ యార్డు ఉంది. బండిని రెండేళ్ల కింద హైదరాబాద్‌లో సెకండ్ హ్యాండ్‌లో కొన్నాడట. దిగీ దిగగానే ఒకటే మాట: "అన్నా, బండి గుంజుతలేదు. పెద్ద టర్బో ఎక్కించు. 400 గుర్రాలు కావాలె."

గుర్రాలంటే హార్స్‌పవర్. టర్బో అంటే ఇంజిన్ వదిలే పొగతో తిరుగుతూ, ఇంజిన్‌లోకి వెళ్లే గాలిని నొక్కి పంపే ఫ్యాను లాంటిది. గుంజని బండికి పెద్ద టర్బో వేయడమంటే కుంటే ఎద్దుకు పెద్ద నాగలి కట్టడమే. ముందు అది ఎందుకు కుంటుతోందో చూడాలి. "రెండు రోజులు బండి నా దగ్గర వదిలిపెట్టు తమ్మీ, గుర్రాల లెక్క తర్వాత మాట్లాడుదాం" అన్నాను. మొహం చిన్నబుచ్చుకున్నా తాళం ఇచ్చి బస్సెక్కి పోయాడు.

బండి గురించి తెలియనివాళ్లకు నాలుగు మాటలు. వీఆర్‌ఎస్ 230 మన దేశంలో 2017లో వచ్చింది. చూడటానికి ఇంటిల్లిపాదీ ఎక్కే సెడాన్, డిక్కీలో రెండు బియ్యం బస్తాలు హాయిగా పడతాయి. బానెట్ కింద మాత్రం 1,984 సీసీల టర్బో పెట్రోల్ ఇంజిన్, ఫోక్స్‌వ్యాగన్ వాళ్ల ఈఏ888 మూడో తరం. కంపెనీ లెక్కలో 230 పీఎస్ (దాదాపు అన్ని గుర్రాలే), 350 న్యూటన్ మీటర్ల టార్క్, అంటే తిప్పే బలం. దానికి వచ్చే టర్బో జపాన్ కంపెనీ ఐహెచ్ఐ తయారీ ఐఎస్20. అదే కుటుంబంలో ఐఎస్38 అని ఒక అన్న ఉన్నాడు, 300 పీఎస్ ఇచ్చే గోల్ఫ్ ఆర్, ఆడీ ఎస్3లలో వచ్చేది. ఐఎస్20 విప్పిన చోటే అది కూర్చుంటుంది. అందుకే ఈ ఇంజిన్ ఉన్నవాళ్లందరికీ ఐఎస్38 మీదే కన్ను. మావాడు కూడా అదే చదువుకుని వచ్చాడు.

స్కానర్ పెడితే బూస్ట్ (టర్బో గాలికి ఇచ్చే అదనపు పీడనం) తక్కువైన తప్పు ఒకటి పాత నమోదుగా కనిపించింది. బండి నడిపి లాగ్ (ఇంజిన్ కంప్యూటర్ అంకెల రికార్డు) తీశాక అసలు సంగతి తెలిసింది. మూడో గేర్‌లో 4,000 ఆర్‌పీఎం దగ్గర ఇంజిన్ కంప్యూటర్ 1.35 బార్ బూస్ట్ అడుగుతోంది. కంపెనీ సాఫ్ట్‌వేర్ అక్కడ అంత అడగదు. అంటే పాత ఓనర్ ఎవరో స్టేజ్ 1 మ్యాప్ (విడిభాగాలు మార్చకుండా పవర్ పెంచే సాఫ్ట్‌వేర్) ఎక్కించాడు, ఈ అబ్బాయికి ఆ ముక్క చెప్పలేదు. అడిగింది 1.35, వస్తున్నది 1.02. వేస్ట్‌గేట్ (టర్బోను తిప్పకుండా పొగను పక్కకు వదిలే తలుపు) పూర్తిగా మూసుకుని ఉంది, అంటే టర్బో తన శక్తంతా పెట్టి తిరుగుతోంది. అయినా గాలి చాలట్లేదు. సాఫ్ట్‌వేర్ అడుగుతూనే ఉంది, టర్బో పరుగెత్తుతూనే ఉంది, అంత వేగంతో అది గాలిని నొక్కడం కంటే వేడి చేయడమే ఎక్కువగా చేస్తోంది.

పొగ మిషన్ పెట్టి చూస్తే గొట్టాల్లో ఎక్కడా లీకు లేదు. కంప్రెషన్ నాలుగు సిలిండర్లలో 12.1, 12.0, 11.8, 12.2 బార్. ఇంజిన్ ఆరోగ్యంగా ఉంది. ఇక మిగిలింది టర్బోయే. గాలి గొట్టం విప్పి టార్చి వేసి చూశాను.

గాలిని నొక్కే కంప్రెసర్ చక్రం రెక్కల అంచులు ఎలుక కొరికినట్టు ఉన్నాయి. కొత్త చక్రం అంచు మీద గోరు పెడితే గీసుకుంటుంది. ఇవి అరిగి గుండ్రబడ్డాయి, రెండు రెక్కల మీద సన్నని నొక్కులు కూడా ఉన్నాయి. షాఫ్ట్‌ను అటూ ఇటూ కదిపితే కొద్దిగా ఆడటం మామూలే, ఆయిల్ పొర కోసం ఆ సందు ఉంటుంది. ముందుకూ వెనక్కూ లాగితే మాత్రం చేతికి తెలిసేలా కదలకూడదు. ఇది కదిలింది. దొంగ ఎవరో అంతకుముందే కనిపించాడు. కంపెనీ ఎయిర్ ఫిల్టర్ డబ్బా పీకేసి, దాని స్థానంలో నూనె పూసే రకం కోన్ ఫిల్టర్ ఒకటి బిగించి ఉంది. దాని మడతల్లో బూడిద రంగు పొడి గడ్డకట్టింది. లోపలి గొట్టం గోడకు వేలు రాస్తే అదే పొడి వచ్చింది.

గ్రానైట్‌లో క్వార్ట్జ్ ఉంటుంది. మోస్ గట్టిదనపు కొలతలో క్వార్ట్జ్‌కు 7, అంటే మామూలు ఇనుప మేకు కంటే గట్టిది. కంప్రెసర్ చక్రం అల్యూమినియంది, నిమిషానికి లక్షకు పైగా చుట్లు తిరుగుతుంది. ఆ వేగంలో రెక్క అంచుకు తగిలే ఒక్కో రేణువు ఆకురాయి చేసే పని చేస్తుంది. ఈ అబ్బాయి రోజూ ఉదయం, సాయంత్రం యార్డులోకి, యార్డు నుంచి బయటికి వెళ్తాడు. కోత యంత్రాల పక్కనే బండి ఆపుతాడు. కోన్ ఫిల్టర్ బానెట్ కింద "సూ" అని వినిపించే శబ్దం ఆయనకు మహా ఇష్టం. ఆ శబ్దానికి ఎంత ఖర్చయిందో ఫోన్‌లో ఫొటో పంపి చెప్పాను. కాసేపు జవాబు లేదు. తర్వాత ఫోన్ చేసి, "మా బాపుకు మాత్రం చెప్పకన్నా" అన్నాడు.

ఇలాంటి అంచులు నేను చూడటం ఇదే మొదలు కాదు. పని నేర్చుకున్నది వరంగల్ ఆటోనగర్‌లో, లారీల మీద. ఎనుమాముల మార్కెట్‌కు పత్తి, మిర్చి తెచ్చే లారీలు, ఆ తర్వాత కంకర టిప్పర్లు. చిరిగిన ఫిల్టర్‌తో క్రషర్ దగ్గర ఆరు నెలలు తిరిగిన టిప్పర్ టర్బో విప్పితే అచ్చం ఇట్లాగే ఉండేది. లారీ డ్రైవర్ దానికి "దమ్ము పోయింది" అని ఒక్క మాటలో రోగం చెప్పేవాడు. కారువాళ్లు అదే రోగానికి ఇంకా పవర్ పెంచే స్టేజ్ 2 అడుగుతారు.

మొదటి కొలత కోసం బండిని హైదరాబాద్‌లో తెలిసినవాళ్ల డైనో (బండి పవర్ కొలిచే యంత్రం) మీదికి ఎక్కించాం. చక్రాల దగ్గర 188 హార్స్‌పవర్. మంచి స్థితిలో ఉన్న, సాఫ్ట్‌వేర్ మార్చని ఇదే బండిని అదే డైనో మీద ఇంతకుముందు కొలిచాను, 202 వచ్చింది. అంటే స్టేజ్ 1 ఎక్కించుకున్న బండి కంపెనీ బండి కంటే వెనకబడి ఉంది. ఒక మాట గుర్తుంచుకోండి. డైనో వాళ్లు వాతావరణ సవరణ అని ఒక గుణకం కలుపుతారు. ఎండాకాలంలో అది అంకెను పైకి లాగుతుంది. టర్బో బండి కంప్యూటర్ కావలసిన పీడనాన్ని తానే సర్దుకుంటుంది కాబట్టి ఆ సవరణ దానికి చాలావరకు ఉచితంగా కలిపే మార్కులే. నేను సవరణ లేని అంకె మాత్రమే రాసుకుంటాను. వేరే డైనో అంకెతో పోల్చను.

ఎన్ని గుర్రాలు సాధ్యం?

అబ్బాయి అడిగిన 400 దగ్గర లెక్క వేసి చూపించాను, ఆయన ఎదుటే, ఫిల్టర్ డబ్బా అట్ట మీద.

ఇంజిన్ రెండు చుట్లకు ఒకసారి గాలి నింపుకుంటుంది. 1,984 సీసీలు, 6,000 ఆర్‌పీఎం అంటే నిమిషానికి సుమారు 5.95 ఘనపు మీటర్లు. నూటికి తొంభై అయిదు వంతులు నిండుతుందనుకుంటే 5.65. వరంగల్ సముద్ర మట్టానికి 270 మీటర్ల ఎత్తులో ఉంది, బయటి గాలి పీడనం దాదాపు 0.98 బార్. దాని మీద 1.4 బార్ బూస్ట్ ఇస్తే మొత్తం 2.38. ఇంజిన్‌లోకి వెళ్లే గాలి 60 డిగ్రీల వేడితో ఉంటే ఘనపు మీటరు గాలి రెండున్నర కిలోలు తూగుతుంది. అంటే నిమిషానికి 14 కిలోల గాలి. పెట్రోల్ ఇంజిన్‌లో నిమిషానికి కిలో గాలి అంటే దాదాపు 22 హార్స్‌పవర్ అని మా లెక్క. మొత్తం 310 చిల్లర. 400 కావాలంటే 18 కిలోల గాలి పోయాలి. అందుకు బూస్ట్ రెండు బార్ దాటాలి, ఆ వేడికి మన పెట్రోల్ తట్టుకోవాలి, పంపులు అంత పెట్రోల్ ఇవ్వాలి, పిస్టన్లు, గేర్‌బాక్స్ అన్నీ ఒప్పుకోవాలి.

ఇప్పుడు అదే లెక్కలో 60 తీసి 80 డిగ్రీలు పెట్టండి. గాలి పలచబడి 13.3 కిలోలకు పడిపోతుంది, పవర్ 293కి దిగుతుంది. బూస్ట్ గేజీ మాత్రం 1.4 దగ్గరే నిలబడి ఉంటుంది. గేజీ చూసి సంతోషపడేవాళ్లు ఇక్కడే మోసపోతారు. గేజీ పీడనాన్ని చూపిస్తుంది, ఇంజిన్ తినేది బరువును.

ఆ వేడి ఎక్కడిదంటే నొక్కడం వల్లనే. సైకిల్ పంపు కొడితే కింద గొట్టం కాలినట్టే. జనవరి ఉదయం 18 డిగ్రీల గాలిని ఈ మాత్రం నొక్కితే, టర్బో సామర్థ్యం 70 శాతం అనుకున్నా, బయటికి వచ్చేటప్పటికి సుమారు 136 డిగ్రీలు ఉంటుంది. మే నెలలో 45 డిగ్రీల గాలిని అంతే నొక్కితే సుమారు 174. రామగుండం, పెద్దపల్లి వైపు మేలో 45 అంటే పెద్ద విశేషమేమీ కాదు, కరీంనగర్ కూడా పెద్దగా తీసిపోదు. ఆ 174ను 60కి దించాల్సింది ఇంటర్‌కూలర్. దాని మీదికి వచ్చే గాలే 45 డిగ్రీలుంటే అది మాత్రం ఎంతని దించుతుంది? చల్లని దేశాల్లో తయారైన మ్యాపులను తెచ్చి ఇక్కడ ఎక్కిస్తే బండి మొదటి పరుగులో ఎగిరి, మూడో పరుగులో చతికిలబడేది ఇందుకే.

అందుకని నేను చెప్పిన ప్లాన్ ఇది: ఐఎస్38, పెద్ద ఇంటర్‌కూలర్, మన బంకు పెట్రోల్‌కు తగిన మ్యాప్, ఇంజిన్ దగ్గర 310. "అంతేనా అన్నా?" అన్నాడు. అంతే. పైగా కోన్ ఫిల్టర్ తీసేసి కంపెనీ డబ్బా, కంపెనీ కాగితం ఫిల్టర్ మళ్లీ పెడతానన్నాను. అందుకు 400 గుర్రాల విషయంలో కంటే ఎక్కువ బాధపడ్డాడు. 6,000 ఆర్‌పీఎం దగ్గర కాగితం ఫిల్టర్ ఎంత అడ్డుపడుతుందో తర్వాత కొలిచాను, 35 మిల్లీబార్లు. 1.4 బార్ ఇచ్చే టర్బోకు అదొక లెక్కలోది కాదు. మహా అయితే నాలుగైదు గుర్రాలు.

చట్టం సంగతి కూడా చెప్పాను, ప్రతి ఒక్కరికీ చెప్తాను. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం తయారీదారు ఇచ్చిన అసలు వివరాలకు, ఆర్సీలో ఉన్నదానికి తేడా వచ్చేలా బండిని మార్చకూడదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా ఈ సెక్షన్ మీద గట్టిగానే చెప్పింది. 182ఎ సెక్షన్ కింద మార్పు ఒక్కింటికి 5,000 రూపాయల జరిమానా, ఆరు నెలల దాకా జైలు, లేదా రెండూ పడొచ్చు. ప్రమాదం జరిగితే ఇన్సూరెన్స్ వాళ్లు ఈ టర్బో పేరు చెప్పి చేతులెత్తేయొచ్చు. ఆయన కోయంబత్తూరు, చెన్నై ట్రాకుల మీద నడపాలని ముచ్చటపడుతున్నాడు. అయినా బండి తిరిగేది రోడ్డు మీదే కదా. ఇవన్నీ కాగితం మీద రాసి సంతకం పెట్టించుకున్నాను. నా వరకు ఒక గీత గీసుకున్నాను: సైలెన్సర్ వైపు ఏదీ ముట్టుకోను. డౌన్‌పైప్ (టర్బో నుంచి పొగ బయటికి పోయే గొట్టం), కేటలిటిక్ కన్వర్టర్ (పొగను శుభ్రం చేసే డబ్బా) కంపెనీవే ఉంటాయి. పవర్ కొంచెం తగ్గుతుంది, తగ్గనీ. వెనక స్కూటర్ మీద వచ్చేవాడి ముక్కులోకి పచ్చి పెట్రోల్ వాసన కొట్టకూడదు.

సామాను, బిగింపు

కొత్త టర్బో 1,65,000 రూపాయలు పడింది. సెకండ్ హ్యాండ్‌లో సగానికి సగం ధరకు ఒకటి దొరుకుతోందని అబ్బాయే లింకు పంపాడు. షాఫ్ట్ చేత్తో పట్టుకుని చూడని టర్బోను నేను బిగించనన్నాను. ఇంటర్‌కూలర్ 68,000. ఇంజిన్‌కు, గేర్‌బాక్స్‌కు సాఫ్ట్‌వేర్ లైసెన్సులు కలిపి లక్షా పాతిక వేలు. ప్లగ్గులు, గ్యాస్కెట్లు, ఆయిల్, కూలెంట్ గొట్టాలు, గేర్‌బాక్స్ ఆయిల్, డైనో అద్దె, మా కూలీ అన్నీ కలుపుకుని నాలుగు లక్షల తొంభై వేలు. ఈ డబ్బుతో మంచి సెకండ్ హ్యాండ్ స్విఫ్ట్ వస్తుందని మా షెడ్డులో పిల్లగాడు గొణిగాడు. తప్పేం కాదు.

ఈ ఇంజిన్‌లో ఎగ్జాస్ట్ మానిఫోల్డ్ (సిలిండర్ల పొగను ఒకచోటికి చేర్చే గొట్టాలు) సిలిండర్ హెడ్‌లోనే కలిసి ఉంటుంది, టర్బో నేరుగా హెడ్‌కు బిగుసుకుంటుంది. స్థలం ఇరుకు. పై నుంచి సగం, కింద నుంచి సగం పని. బిగింపు గురించి పెద్దగా చెప్పేదేం లేదు, ఒక్క ఆయిల్ పైపు సంగతి తప్ప. పాత టర్బోకు ఆయిల్ తెచ్చే సన్నని పైపు లోపల నల్లగా మాడిన పొర ఉంది. చాలామంది దాన్ని కడిగి మళ్లీ వాడతారు. కొత్త టర్బోకు నెల రోజుల్లో దమ్ము పోయిందంటే పది కేసుల్లో సగం ఆ పైపు వల్లనే అని నా అనుభవం. కొత్తది వేశాం. పాత ఇంటర్‌కూలర్ పక్కకు పెట్టి తలకిందులు చేస్తే రెండు చెంచాల ఆయిల్, దాంతో కలిసి బూడిద బురద కారింది.

వేస్ట్‌గేట్‌ను తెరిచేది చిన్న ఎలక్ట్రిక్ మోటారు. కొత్త టర్బో పెట్టాక దాని రాడ్ పొడవు సరిచూసి, స్కానర్‌తో కంప్యూటర్‌కు తెరుచుకునే, మూసుకునే హద్దులు మళ్లీ నేర్పాలి. ఈ పని ఎగ్గొడితే బూస్ట్ ఊగుతూ ఉంటుంది, జనం టర్బోను తిడతారు. ప్లగ్గులు ఒక మెట్టు చల్లని రకం వేసి, గ్యాప్ 0.65 మిల్లీమీటర్లకు తెచ్చాం. ఎక్కువ పీడనంలో నిప్పురవ్వ ఎక్కువ దూరం దూకలేదు.

మొదటిసారి స్టార్ట్ చేసేముందు ఇంజెక్టర్లకు కరెంటు ఆపి, పది సెకన్ల చొప్పున మూడుసార్లు క్రాంక్ చేశాం. టర్బో బేరింగుల్లోకి ఆయిల్ చేరాకే అది తిరగాలి. తర్వాత పది నిమిషాలు ఐడిల్‌లో వదిలేశాం. ఎవరూ యాక్సిలరేటర్ ముట్టుకోలేదు. ఓనర్‌ను ఆ పది నిమిషాలు చాయ్‌కి పంపాను, లేకపోతే ఆగడు.

రెండో రోజు హుజూరాబాద్ రోడ్డులో ఎల్కతుర్తి దాకా వెళ్లి వస్తుంటే డాష్‌బోర్డు మీద లైటు వెలిగి బండి నీరసపడిపోయింది. పీ0299, బూస్ట్ తక్కువ. కొత్త టర్బో, కొత్త ఇంటర్‌కూలర్, మళ్లీ అదే తప్పు. కడుపులో దేవినట్టయింది. షెడ్డుకు తెచ్చి పొగ పెడితే ఇంటర్‌కూలర్ నుంచి పైకి వచ్చే గొట్టం దగ్గర తెల్లగా పొగ. ఆ గొట్టానికి స్ప్రింగ్ క్లిప్పు ఉంటుంది, "టిక్" అని శబ్దం వస్తేనే లోపల కూర్చున్నట్టు. ఒక వైపే కూర్చుంది. బిగించింది పిల్లగాడు కాదు, నేనే. రాత్రి తొమ్మిదింటికి, త్వరగా ముగించాలనే తొందరలో. అప్పటినుంచి పని పూర్తయిన ప్రతి టర్బో బండికి రోడ్డెక్కేముందే పొగ పరీక్ష చేస్తున్నాను.

మ్యాప్, పెట్రోల్, గేర్‌బాక్స్

ఈ కేసులో నిజమైన పని ఇక్కడే ఉంది. మ్యాప్ రాసే ముందు అబ్బాయిని ఒకటే అడిగాను: "రోజూ పెట్రోల్ ఎక్కడ పోయిస్తవు?" యార్డు దగ్గర బంకులోనట. హైదరాబాద్‌లో కొన్ని బంకుల్లో దొరికే ఎక్స్‌పీ100 అనే ప్రీమియం పెట్రోల్ కోసం మ్యాప్ రాస్తే డైనో మీద అంకె బాగుంటుంది. కానీ ఆయన కరీంనగర్‌లో మామూలు పెట్రోల్ పోయించుకుంటే ఆ మ్యాపే ఇంజిన్‌కు విషం. అందుకే డైనోకు వెళ్లేముందు ఆ బంకు నుంచే ట్యాంకు నింపుకుని రమ్మన్నాను.

ఇప్పుడు బంకుల్లో పోసేది ఈ20, అంటే ఇరవై శాతం ఇథనాల్. దాన్ని తిట్టేవాళ్లే ఎక్కువ. మైలేజీ తగ్గేమాట నిజం. ఈ20ని దృష్టిలో పెట్టుకోకుండా తయారైన ఇలాంటి పాత బండ్లలో రబ్బరు గొట్టాల మీద ఒక కన్నేసి ఉంచాలనేదీ నిజమే. కానీ టర్బో ఇంజిన్‌కు అది కొంత మేలు కూడా చేస్తుంది. ఇథనాల్ ఆవిరయ్యేటప్పుడు సిలిండర్‌లో వేడిని లాక్కుంటుంది. నాకింగ్‌ను, అంటే మంట చేరకముందే పెట్రోల్ తనంతట తాను భగ్గుమనడాన్ని, తట్టుకునే కొలత ఆక్టేన్. అది కూడా పెరుగుతుంది, బీఐఎస్ (భారత ప్రమాణాల సంస్థ) ప్రమాణంలో ఈ20కి కనీసం 95 ఉండాలి. అంటే నాకింగ్‌కు కాస్త ఎడం దొరుకుతుంది. ఇంకో చేత్తో అది తీసుకునేది కూడా ఉంది. ఉట్టి పెట్రోల్‌లో ఒక కిలోను కాల్చడానికి 14.7 కిలోల గాలి కావాలి, ఈ20లో 13.5 చాలు. తిప్పి చెప్తే, అంతే గాలికి దాదాపు తొమ్మిది శాతం ఎక్కువ ఇంధనం పంపాలి. టర్బో పెద్దదైంది, గాలి పెరిగింది, దాని మీద ఇది అదనం. పంపుల మీద రెండు వైపులా బరువు పడింది.

పడినట్టే లాగ్‌లో కనిపించింది. 5,700 ఆర్‌పీఎం దగ్గర ఇంజెక్టర్ల ముందు 200 బార్ ఉండాల్సిన పీడనం 160కి జారింది. వెంటనే పరుగు ఆపించాను. ఇంధనం తగ్గితే మిశ్రమం పలచబడుతుంది, పిస్టన్ కరగడానికి క్షణాలు చాలు. ట్యాంకు వైపు తక్కువ పీడనం కూడా అప్పుడే పడిపోతోంది, అంటే తప్పు ఇంజిన్ మీది పెద్ద పంపుది కాదు, దానికి పెట్రోల్ అందట్లేదు. బండి కింద ఉన్న పెట్రోల్ ఫిల్టర్ విప్పి తలకిందులు చేస్తే చాయ్ డికాషన్ రంగులో కారింది. 71,000 కిలోమీటర్లలో అది ఎప్పుడూ మారినట్టు లేదు. కొత్తది వేశాక పీడనం 190 దగ్గర నిలబడింది. ట్యాంకులో పెద్ద పంపు వేయొచ్చు కానీ నేను అటు పోలేదు. 6,000 దాటాక బూస్ట్‌ను 1.4 నుంచి 1.25కు దించాను. ఆ చివరి ఐదు వందల ఆర్‌పీఎంలో పది గుర్రాలు పోతాయి. ఆ పది కోసం ఇంకో ముప్పై వేలు పెట్టించే మనసు రాలేదు.

నాకింగ్ మొదట మూడో సిలిండర్‌లో ఎక్కువ కనిపించింది. కంప్యూటర్ అక్కడ ఇగ్నిషన్ టైమింగ్‌ను (నిప్పురవ్వ పడే సమయాన్ని) 5 డిగ్రీలకు పైగా వెనక్కి లాగుతోంది. ఆశపడి టైమింగ్ ఎక్కువ ఇచ్చి, కంప్యూటర్ లాక్కుంటుందిలే అని వదిలేసే పద్ధతి ఒకటి ఉంది. డైనో షీటు మీద అది బాగుంటుంది. నేను మధ్య ఆర్‌పీఎంలో టైమింగ్ తగ్గించి, మిశ్రమం కొంచెం చిక్కగా చేసి, మూడు వరుస పరుగుల్లో ఏ సిలిండర్‌లోనూ 2 డిగ్రీలకు మించి లాగకుండా ఉండేదాకా కూర్చున్నాను. ఆ రోజు హైదరాబాద్‌లో 36 డిగ్రీలు. పాత ఇంటర్‌కూలర్‌తో మూడో పరుగు చివర లోపలి గాలి 74 డిగ్రీలుండేది, కొత్తదానితో 55. మేలో ఇంకా పెరుగుతుందని తెలుసు కాబట్టి 60 దాటితే బూస్ట్, టైమింగ్ తమంతట తాము మెల్లగా దిగేలా పట్టికలు రాశాను. గట్టిగా బ్రేకు వేసినట్టు కాకుండా మెట్లు దిగినట్టు.

గేర్‌బాక్స్ డీక్యూ250, ఆరు గేర్ల డీఎస్‌జీ, ఆయిల్‌లో మునిగి ఉండే జంట క్లచ్. కంపెనీ దానికి ఇచ్చిన హద్దు 350 న్యూటన్ మీటర్లు. ప్రతి 60,000 కిలోమీటర్లకు ఆయిల్, ఫిల్టర్ మార్చాలి. ఈ బండికి మార్చిన దాఖలా లేదు. తీస్తే మాడు వాసన. కొత్త ఆయిల్ పోసి, క్లచ్ పట్టు పెంచే సాఫ్ట్‌వేర్ ఎక్కించి, ఇంజిన్ టార్క్‌ను 420 దగ్గర కట్టేశాను. ఒకటి, రెండు గేర్లలో 330 మించనీయలేదు. ముందు చక్రాలతో నడిచే బండి ఇది, అంతకు మించి ఇస్తే ఖర్చయ్యేది టైర్లే.

చివరి కొలత: చక్రాల దగ్గర 268 హార్స్‌పవర్. వచ్చిననాడు 188. అట్ట మీద వేసిన 310 లెక్కకు, మధ్యలో గేర్‌బాక్స్, టైర్లు తినే పద్నాలుగు శాతం తీసేస్తే, దాదాపు అంతే. పూర్తి బూస్ట్ మాత్రం 3,000 ఆర్‌పీఎం దగ్గరకు గానీ రాదు, ఐఎస్20 అయితే ఇంకా చాలా ముందే వచ్చేసేది. బండి తీసుకుని పోయిన సాయంత్రమే ఫోన్ వచ్చింది. "పైన మస్తుగున్నది అన్నా. కింద జర నిద్రపోతున్నది." పెద్ద చక్రం తిరగడానికి టైం పడుతుంది, ఇది ముందే చెప్పాను. కాజీపేట బ్రిడ్జి దగ్గర ట్రాఫిక్‌లో నడపడానికి పాత టర్బోయే సుఖం.

మే మూడో వారంలో లాగ్ కోసం మళ్లీ రమ్మన్నాను. బయట 44 డిగ్రీలు. మూడో పరుగు చివర లోపలి గాలి 64 దాకా పోయింది, రాసిన పట్టికలు పని చేసి బూస్ట్ 1.3కి దిగింది. అదే వారం డైనో మీద 252 వచ్చింది. "పదహారు గుర్రాలు ఏడికి పోయినయన్నా?" అని అడిగాడు. చలికాలంలో తిరిగి వస్తాయని చెప్పాను. పొల్యూషన్ సర్టిఫికెట్ పరీక్షలో ఇబ్బందేమీ రాలేదు, కన్వర్టర్ చోటు కదలలేదు కాబట్టి.

డిసెంబర్‌లో ఆయిల్ మార్చడానికి వచ్చాడు, మీటర్ 83,000 దాటింది. 7,500కు ఒకసారి ఆయిల్, 5,000కు ఒకసారి ఎయిర్ ఫిల్టర్ అని రాసిచ్చిన చీటీ డాష్‌బోర్డు అరలోనే ఉంది. టిక్కులు పెట్టుకుంటూ వచ్చాడు, ఒక్క ఫిల్టర్ దగ్గర మాత్రం వెయ్యి కిలోమీటర్లు ఆలస్యం. దాన్ని తీసి పాత పేపర్ మీద కొడితే పిడికెడు బూడిద పొడి రాలింది. గొట్టం విప్పి టార్చి వేశాను. ఆయన కూడా వంగి చూశాడు. రెక్కల అంచు మీద గోరు పెట్టి చూడమంటే పెట్టి, "అబ్బా, కోస్తున్నదన్నా" అని వెంటనే వేలు వెనక్కి తీసుకున్నాడు.